బొంకులదిబ్బ మీద చదివిన తొలి రంగం: విజయనగరం చరిత్ర నడకపై సమీక్ష

విజయనగరంలో కొందరు విశ్రాంత ఉపాధ్యాయులు, పుస్తకాల మీద మక్కువ ఉన్న యువతీయువకులు కలిసి ఆదివారం ఉదయాల్లో చరిత్ర నడకలు నిర్వహిస్తున్నారు. నడక ముగిశాక అదే పూట, ఆ వీధులతో సంబంధం ఉన్న ఒక పుస్తకం మీద చర్చ ఉంటుంది. వీరికి కార్యాలయం లేదు, బోర్డు లేదు, రుసుము లేదు. ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి అందే సమాచారమే పిలుపు. నడకకూ చర్చకూ వేర్వేరుగా మార్కులు వేయమంటే మొదటిది బాగుందని, రెండవది వక్తను బట్టి ఉంటుందని చెబుతాను. కానీ రెండూ ఒకే ఉదయం ఒకదాని వెంట ఒకటి రావడం వల్ల ఏర్పడే ప్రయోజనం వేరు. పుస్తకంలో చదివినది వీధిలో కనిపిస్తుంది, వీధిలో విన్నది పుస్తకం ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఈ రెండవ పని మన ఊళ్లలో చాలా అరుదుగా జరుగుతుంది కాబట్టే ఈ ప్రయత్నం గురించి వివరంగా రాయాలనిపించింది.

నడక గంటస్తంభం దగ్గర మొదలవుతుంది. 1885లో కట్టిన ఈ ఎనిమిది పలకల స్తంభాన్ని విజయనగరం వాసులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మార్గదర్శి కూడా ఇక్కడ ఎక్కువసేపు నిలపకుండా, అందరూ వచ్చారో లేదో చూసుకుని ముందుకు నడిపిస్తారు. ఆయనను అందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఏ విషయమైనా చెప్పేటప్పుడు అది కాగితం మీద ఉన్నదా, నోటి మాటగా వచ్చినదా అన్నది ముందుగా స్పష్టం చేయడం ఆయన పద్ధతి, అదే ఈ నడకకు ప్రాణం. మన పర్యాటక స్థలాల్లో వినిపించే వర్ణనల్లో ఐతిహ్యం, శాసనం, సినిమా కథ అన్నీ కలగలిసి ఒకే గొంతుతో వస్తాయి. ఇక్కడ మాత్రం వినేవాడికి ప్రతి మాట బరువూ తెలుస్తుంది.

కోట దగ్గర ఆ పద్ధతి బాగా ఉపయోగపడింది. 1713లో పూసపాటి వంశానికి చెందిన విజయరామరాజు కోటకు పునాది వేశారని, మహబూబ్ వల్లీ అనే ఫకీరు ఆ స్థలాన్ని సూచించారని ఊరంతా చెప్పుకుంటుంది. రాజు పేరులో విజయం, సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారమైన మంగళవారం, ఊరి పేరు విజయనగరం; ఇలా ఐదు విజయాలు కలిశాయన్నది ఆ కథ. దీన్ని చెప్పి ఊరుకోకుండా మాస్టారు మమ్మల్నే లెక్క వేయమన్నారు. ఇటీవల విజయ నామ సంవత్సరం 2013 ఉగాదితో మొదలైంది. అక్కడి నుంచి అరవై చొప్పున వెనక్కి వెళ్తే 1953, 1893, 1833, 1773, ఆ తర్వాత 1713 వస్తాయి. కళాశాల విద్యార్థిని ఒకరు ఈ లెక్క పూర్తి చేసి తలెత్తినప్పుడు, "సంవత్సరం కుదిరింది కదా అమ్మా, వారం కూడా కుదిరిందో లేదో పాత పంచాంగం చూసి వచ్చే నడకలో నువ్వే చెప్పు" అన్నారాయన. కథను గౌరవిస్తూనే దాన్ని పరీక్షించవచ్చని పిల్లలకు ఇంత సులువుగా నేర్పిన పాఠం తరగతి గదుల్లో నేను చూడలేదు. చతురస్రాకారపు ప్రాకారం, నాలుగు మూలలా బురుజులు, తూర్పు వైపు నగారాఖానా ఉన్న ప్రధాన ద్వారం వంటి వివరాలను ఆయన క్లుప్తంగానే ముగించారు. నాకు అది సరైన నిర్ణయమనిపించింది, ఎందుకంటే కొలతలు ఎవరైనా ఎక్కడైనా చదువుకోవచ్చు.

మూడు లాంతర్ల దగ్గర నడక కొంత తడబడింది. అక్కడి పాత స్తంభాన్ని 2020లో తొలగించారు, కూడలికి పేరు మాత్రం మిగిలింది. పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఉన్నదీ ఇక్కడే. విజయదశమి తర్వాతి మంగళవారం, పూజారి కూర్చునే పొడవాటి మాను అయిన సిరిమాను ఈ గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. ఆ ఊరేగింపులో అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఎందుకు ఉంటాయో మాస్టారు చక్కగా వివరించారు. అమ్మవారి విగ్రహం పెద్ద చెరువులో దొరికిందన్న కథకూ, ఉత్సవంలో చేపల వల పట్టే వారి స్థానానికీ ఉన్న సంబంధాన్ని ఆయన చెప్పిన తీరు విన్నాక, ఈ పండగలో ఒక్కొక్క కులానికి, ఒక్కొక్క పేటకు దక్కిన వంతు ఏమిటో తెలుసుకోవాలన్న కోరిక బలంగా కలిగింది.

తడబాటు బొబ్బిలి దగ్గర వచ్చింది. పెద్ద విజయరామరాజు చెల్లెలు, పైడితల్లి అమ్మవారిగా పూజలందుకునే పైడిమాంబ కథ 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంతో ముడిపడి ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ బలగంతో పెద్ద విజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించడం, బొబ్బిలి జమీందారు రంగారావు, ఆయన వారు లొంగిపోకుండా ప్రాణాలు వదలడం, కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును శిబిరంలో హతమార్చడం మన ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతులు. విజయనగరంలో నిలబడి చెప్పినప్పుడు ఈ కథ సహజంగానే చెల్లెలి దుఃఖం వైపు ఒరుగుతుంది, బొబ్బిలిలో నిలబడి చెబితే కోటలో కాలిపోయిన స్త్రీల, పిల్లల వైపు ఒరుగుతుంది. మాస్టారు మొదటిది మాత్రమే చెప్పారు. బొబ్బిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "మా వైపు సంగతి కూడా రెండు ముక్కలు చెప్పండి మాస్టారూ" అని మర్యాదగా అడిగితే, సమయం లేదని ముందుకు నడిచారు. ఐదు విజయాల కథను అంత నిష్పక్షపాతంగా పరీక్షించిన వ్యక్తి ఇక్కడ ఎందుకు వెనుకాడారో నాకు అర్థం కాలేదు. జంగం కథకులు పాడిన బొబ్బిలి కథ ఒకవైపు, ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిన కథనం మరొకవైపు ఉన్నాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక ఉదయమంతా చర్చించదగిన విషయమిది. నిర్వాహకులు ఒక నడకను బొబ్బిలిలోనే పెట్టి, అక్కడి వారి చేతనే చెప్పిస్తే ఈ లోటు తీరుతుంది.

బొంకులదిబ్బకు వచ్చేసరికి ఎండ పెరిగింది, అయినా ఒక్కరు కూడా గుంపు విడిచి వెళ్లలేదు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకంలో తొలి రంగం ఇక్కడిదే. పూటకూళ్లమ్మ డబ్బు ఖర్చు పెట్టేసి, ఊరు విడిచే ఉపాయం వెతుకుతూ గిరీశం తనలో తాను మాట్లాడుకునే ఆ స్థలంలో నిలబడి, ఒక యువకుడు ఆ రంగాన్ని పుస్తకం చూసి చదివాడు. నటించలేదు, గొంతు మార్చలేదు, చదివాడు. చుట్టూ ఆటోల మోతలో కొన్ని వాక్యాలు వినపడకపోయినా, ఈ నాటకాన్ని రంగస్థలం మీద చూసినప్పుడు తట్టని ఒక విషయం నాకు అక్కడ తట్టింది. గిరీశం అప్పులవాళ్లకు కనపడకుండా తిరగవలసిన ఊరు చాలా చిన్నది. కోట, సంత, పూటకూళ్ల ఇల్లు, మధురవాణి ఇల్లు, కళాశాల అన్నీ కాలినడకన తిరిగే దూరంలో ఉండే ఊరు. ఒక చోట ఆడిన అబద్ధం సాయంత్రానికి ఇంకో వీధికి చేరిపోతుంది. అతను శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకుని అగ్రహారానికి ప్రయాణం కట్టడం వెనుక ఉన్న తొందర, ఆ దూరాలను కాళ్లతో కొలిచినవారికి ఇంకాస్త బాగా తెలుస్తుంది. రంగం చదవడం పూర్తయ్యాక మాస్టారు వ్యాఖ్యానం చేయకుండా కొంతసేపు అందరినీ ఆ చుట్టుపక్కల తిరగనిచ్చారు. నడక మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

గురజాడ నివసించిన ఇంటిని ఇప్పుడు స్మారకంగా ఉంచారు. ఆయన వాడిన వస్తువులు, ఫోటోలు ఉన్నాయి, పుస్తకాలు ఉన్నాయి. 1862లో పుట్టి 1915లో మరణించిన ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఈ ఊళ్లోనే గడిచింది. మహారాజా వారి కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, సంస్థానంలో శాసన పరిశోధకుడిగా, తర్వాత రీవా మహారాణి అప్పలకొండమాంబ దగ్గర కార్యదర్శిగా పని చేశారు. గిడుగు రామమూర్తి, ఆయన ఇక్కడి పాఠశాలలో సహాధ్యాయులు. వాడుక భాష కోసం పోరాడిన ఇద్దరూ ఒకే బడి బల్లల మీద కూర్చున్నారన్న సంగతిని పాఠశాల పిల్లలను తీసుకువచ్చిన ఒక ఉపాధ్యాయురాలు వారికి విడమరిచి చెప్పడం చూశాను. నిర్వాహకుల ప్రణాళికలో లేని ఇటువంటి క్షణాలు ఈ నడకల్లో తరచుగా దొరుకుతాయి.

చర్చ ఒక పాఠశాల గదిలో జరిగింది. ఆ రోజు పుస్తకం కన్యాశుల్కమే, అయితే చర్చ నాటకంతో కాక దానికి 1897లో గురజాడ ఆంగ్లంలో రాసిన పీఠికతో మొదలైంది. ఇది చాలా మంచి ఎంపిక. నాటకాన్ని చదివి నవ్వుకున్నవారిలో చాలామంది ఆ పీఠిక చూసి ఉండరు. మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల, అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లను ఇచ్చిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1,034 పెళ్లిళ్లు, అంటే ఏడాదికి సగటున 344. వధువుల్లో ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు. చంకలో బిడ్డకు 350 నుంచి 400 రూపాయల వరకు ధర పలికిందని గురజాడ రాశారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి కుటుంబాలు ఇష్టపడవు కాబట్టి ఈ జాబితా కూడా సంపూర్ణం కాదన్నారు.

ఈ అంకెలను వక్త నల్లబల్ల మీద రాసి కాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న చర్చను నిలబెట్టింది. 1892లో విజయనగరంలో ఈ నాటకం మొదటిసారి ప్రదర్శించినప్పుడు ప్రేక్షకుల్లో కూర్చున్నవారిలో ఆ 1,034 పెళ్లిళ్లకు పీటల మీద కూర్చున్నవారో, పౌరోహిత్యం చేసినవారో, బంధువులో ఉండి ఉండరా అన్నది ఆ ప్రశ్న. డబ్బిచ్చి చిన్నపిల్లను పెళ్లాడబోయే ముసలి లుబ్ధావధాన్లను చూసి నవ్విన ఊరు తనను తాను చూసి నవ్వుకుందా, పొరుగు అగ్రహారాన్ని చూసి నవ్విందా? ఒక న్యాయవాది, ఒక గృహిణి, ఇద్దరు విద్యార్థులు నాలుగు రకాలుగా జవాబు చెప్పారు. గృహిణి చెప్పినది నాకు గుర్తుండిపోయింది. తన ముత్తవ్వకు ఎనిమిదేళ్లకే పెళ్లయిందని, ఆవిడ ఆ నాటకం పేరు వింటే లేచి వెళ్లిపోయేదని, ఎందుకో ఎవరూ అడగలేదని చెప్పారామె. పుస్తక చర్చల్లో విమర్శ పరిభాష వల్లించేవారు చాలామంది ఉంటారు. ఇటువంటి మాట చెప్పగలిగినవారికి మాట్లాడే చోటు దొరకడమే ఈ సభ గొప్పతనం.

నాటకంలో వేశ్య అయిన మధురవాణి పాత్ర మీద జరిగిన చర్చ మాత్రం తొందరలో ముగిసింది, అది నాకు అసంతృప్తి కలిగించింది. 1909లో వచ్చిన రెండవ కూర్పులో గురజాడ నాటకాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఈనాడు మనం చదివేదీ, ఆడేదీ ఆ రూపమే. మొదటి కూర్పును, రెండవ కూర్పును పక్కపక్కన పెట్టి మధురవాణి ఎంత ఎదిగిందో చూపిస్తే బాగుండేది. పందొమ్మిదో శతాబ్దం చివర కలావంతుల నృత్యగానాలకు వ్యతిరేకంగా నడిచిన ఉద్యమం, మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం ఆ కుటుంబాలను ఏం చేశాయన్నది విజయనగరం వంటి సంగీత నగరంలో తప్పక అడగవలసిన ప్రశ్న. గోడల మీద రాజుల పేర్లు చదువుతూ సాగిన నడకలో, ఆ రాజుల సభల్లో పాడి ఆడిన స్త్రీల ఇళ్లు ఏ వీధుల్లో ఉండేవో ఎవరూ చెప్పలేదు. ఒక నడకను ఈ విషయానికే కేటాయించమని నిర్వాహకులకు నేను గట్టిగా సూచిస్తున్నాను.

సంగీత కళాశాల సందర్శన వేరే ఆదివారం జరిగింది. 1919లో విజయరామ గజపతి స్థాపించిన ఈ కళాశాలకు తొలి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు మొదట వయొలిన్ ఆచార్యులుగా చేరి, నారాయణదాసు తర్వాత ఆ పదవిని అందుకున్నారు. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు అంధుడైన తన కుమారుడికి సంగీతం నేర్పించడానికి దూరం పంపవలసి వస్తోందని చెబితే, మహారాజు ఊళ్లోనే కళాశాల పెట్టించారన్న కథను మాస్టారు తన పద్ధతిలోనే, నోటి మాటగా వచ్చిందని చెప్పి చెప్పారు. ఘంటసాల ఇక్కడ చదువుకున్న రోజుల్లో జోలె పట్టి మధూకరం చేసి కడుపు నింపుకున్నారని, పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి సంగీతం నేర్పారని విన్నప్పుడు, మధ్యాహ్నం అన్నం పెట్టిన ఆ ఇళ్లు ఏవో తెలిస్తే బాగుండునని చాలామంది అన్నారు. ఊరి చరిత్రలో కోట ఎంత ముఖ్యమో, ఒక కుర్రవాడి జోలెలో అన్నం వేసిన గుమ్మాలూ అంతే ముఖ్యం. వాటి జాడ తెలిసిన పెద్దలు ఇంకా ఉండగానే సేకరించే పనిని ఈ బృందం చేపట్టగలదు.

ఇక ఏర్పాట్ల సంగతి. నలభై మందికి పైగా వచ్చిన రోజున వెనుక నడిచేవారికి మాస్టారి మాట వినపడదు. చేత పట్టుకునే చిన్న మైకు ఒకటి ఉంటే ఈ ఇబ్బంది పూర్తిగా పోతుంది. మూడు లాంతర్ల కూడలిలోను, గంటస్తంభం దగ్గరా ట్రాఫిక్ మధ్య నిలబడి వినడం వృద్ధులకు ప్రమాదకరం కూడా. ఆ రెండు చోట్ల చెప్పవలసిన విషయాలను కోట ముందు ఖాళీ స్థలంలో చెప్పి, దారిలో చూపిస్తే సరిపోతుంది. మహిళలకు మరుగుదొడ్డి సదుపాయం చర్చ జరిగే గదికి చేరే వరకు లేదు. రెండు గంటల పైబడి సాగే నడకకు ఇది పెద్ద లోపం, దీన్ని ముందుగా సరిచేయాలి. మధ్యలో పెట్టిన విరామంలో అందరూ ఎవరి డబ్బుతో వారు ఇడ్లీ, టీ తీసుకున్నారు. ఆ ఇరవై నిమిషాల్లోనే అపరిచితులు పరిచయస్థులయ్యారు కాబట్టి దాన్ని తగ్గించవద్దు.

పుస్తకం విషయంలో ఒక ముఖ్యమైన సూచన ఉంది. చర్చకు వచ్చినవారిలో సగం మందికి పైగా ఆ పుస్తకాన్ని అప్పటికి చదవలేదు. నాటకం మొత్తాన్ని చదివి రమ్మనడం ఉద్యోగులకు కష్టమే, కానీ తొలి అంకం, పీఠిక తెలుగు అనువాదం కలిపి కొన్ని పేజీలు వారం ముందుగా పంపితే చర్చ స్థాయి పెరుగుతుంది. చదవకుండా వచ్చినవారు సినిమాలో చూసిన దాన్ని నాటకంగా భావించి మాట్లాడటం, చదివినవారు దాన్ని సవరించడంతో అరగంట వృథా అయింది. జిల్లా గ్రంథాలయంతో మాట్లాడి కొన్ని ప్రతులు ముందే అందుబాటులో ఉంచడం కూడా సాధ్యమే.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మిత్రులు కొందరు ఇటువంటి నడక తమ ఊళ్లోనూ మొదలుపెట్టాలని ఆలోచిస్తున్నారు. అక్కడ 1641 నాటి జామియా మసీదు ఊరి నడిబొడ్డునే ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి, వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ శిథిలాలు, శ్రీముఖలింగం ఆలయాలు ఆ జిల్లాలోనే ఉన్నాయి. అవి ఒకదానికొకటి దూరంగా, విడివిడిగా ఉండటం వల్ల కాలినడక కుదరదు, బస్సు కావాలి. పుస్తకం ఎంపికలో మాత్రం వారికి కొరత లేదు, గిడుగు పుట్టిన పర్వతాలపేట ఆ జిల్లాలోనిదే.

రాదలచినవారికి చివరిగా కొన్ని వివరాలు. నడక ఉదయం ఆరున్నరకు మొదలవుతుంది, చర్చ పదిన్నర దాటాక ముగుస్తుంది. వేసవిలో వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. సిరిమాను వారంలో ఊరంతా జనసంద్రంగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో నడక ఉండదు. పదేళ్లు దాటిన పిల్లలను తప్పక తీసుకురండి, కోట దగ్గర సంవత్సరాల లెక్క వారి చేతనే వేయించండి. మీ ఇంట్లో కన్యాశుల్కం ప్రతి ఒకటి ఉంటే తెచ్చుకోండి, కొనేటట్లయితే 1897 పీఠిక కూడా చేర్చిన ముద్రణ చూసి తీసుకోండి.